హరికేన్ సీజన్ ఈసారి క్వైట్ అంటున్నారా, అయితే జూన్ నుంచి నవంబర్ దాకా ఇలా చేస్కోండి

ఈసారి హరికేన్ సీజన్ క్వైట్‌గా ఉంటుందంట అని మే నెలలో మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు పెడతారు, కింద వరసగా దండాల బొమ్మలు పడతాయి, ఇంక ఆ సంగతి అందరూ మర్చిపోతారు. నాకు మాత్రం ఆ మెసేజ్ చూస్తే గుబులుగా ఉంటుంది. ఆ ఒక్క మాట నమ్మి ఫ్లడ్ ఇన్సూరెన్స్ రెన్యువల్ వదిలేసినవాళ్ళు నాకు తెల్సు, తుఫాను వస్తుందంటే అప్పుడు చూద్దాంలే అని కూర్చున్నవాళ్ళూ తెల్సు. మేం హ్యూస్టన్ పక్కన పియర్‌ల్యాండ్‌లో ఉంటాం. ఇక్కడా, ఫ్లోరిడాలో, కరోలినాల్లో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళ కోసం, ముఖ్యంగా ఎండాకాలం సెలవులకి ఇండియా నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా, కొంచెం పెద్దదే, కానీ ఒకసారి చదివేసి ఏ నెలలో ఏం చెయ్యాలో ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

ముందు క్వైట్ అంటే ఏంటి

సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30న అయిపోతుంది. 1991 నుంచి 2020 దాకా తీసిన సగటు ప్రకారం ఏడాదికి పేరు పెట్టిన తుఫాన్లు 14, అందులో గాలి ముదిరి హరికేన్లు అయ్యేవి 7, వాటిలో గాలి జోరుని బట్టి 1 నుంచి 5 దాకా ఇచ్చే కేటగిరీల్లో 3, ఆపైన ఉండే పెద్దవి 3. దీనికంటే తక్కువ వస్తే క్వైట్ అంటారు, అంతే. ఆ లెక్క ఆఫ్రికా ఒడ్డు నుంచి కరీబియన్ మీదుగా మన టెక్సస్ దాకా ఉన్న సముద్రం మొత్తానికి వేసిన లెక్క, అందులో మీ వీధి గురించి ఒక్క ముక్క కూడా ఉండదు.

1983లో సీజన్ మొత్తానికి పేరున్న తుఫాన్లు నాలుగంటే నాలుగే. అందులో ఒకటి ఎలీషియా, ఆగస్టు 18న కేటగిరీ 3గా గాల్వెస్టన్ దగ్గర తీరం దాటి నేరుగా హ్యూస్టన్ మీదకొచ్చింది, డౌన్‌టౌన్‌లో బిల్డింగుల పైకప్పుల మీది గులకరాళ్ళు గాలికి లేచి పక్క బిల్డింగుల అద్దాలు పగలగొట్టాయి, రోడ్ల నిండా గాజు పెంకులే. 1992 కూడా అలాంటి నెమ్మది ఏడాదే, ఆగస్టు సగం అయ్యేదాకా పేరు పెట్టాల్సిన తుఫానే రాలేదు. ఇంగ్లీష్ 'ఏ' అక్షరంతో ఆ ఏడాది పెట్టిన మొదటి పేరు ఆండ్రూ, ఆగస్టు 24న మయామీకి దక్షిణంగా హోమ్‌స్టెడ్ దగ్గర కేటగిరీ 5గా పడి ఊరినే లేపేసింది. 2022లో ఆగస్టు నెల మొత్తంలో ఒక్క తుఫానుకి కూడా పేరు పెట్టలేదు, 1997 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి, ఇంక ఈ ఏడాదికి గండం గడిచిందనుకున్నారు అందరూ. సెప్టెంబర్ 28న ఇయన్ వచ్చింది ఫ్లోరిడాకి, గంటకి 150 మైళ్ళ గాలితో, వందమందికి పైగా చనిపోయారు.

నిజంగానే చప్పుడు లేకుండా పోయిన ఏళ్ళు కూడా ఉన్నాయి, లేవనట్లేదు. 2013లో గవర్నమెంట్ వాతావరణ సంస్థ నోవా మే నెలలో హరికేన్లే 7 నుంచి 11 దాకా రావచ్చని చెప్పింది, చివరికి వచ్చినవి రెండు, పెద్దది ఒక్కటీ లేదు. అంటే అంచనా అటూ తప్పొచ్చు, ఇటూ తప్పొచ్చు. వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పట్లేదు, ఆ అంచనా తెల్సుకోవడానికి బాగుంటుంది, కానీ దాన్ని చూసి ఇంట్లో ఏ పనీ పెంచకూడదు తగ్గించకూడదు అని నేను ఒక నియమం పెట్టుకున్నా.

ఎందుకు తగ్గుతాయి, తగ్గినా ఎక్కడ పుడతాయి

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మనం చెయ్యాల్సిన పనులన్నీ దీన్నుంచే వస్తాయి. హరికేన్ అంటే నిటారుగా నిలబెట్టిన కుండల దొంతర లాంటిది అనుకోండి. కింద సముద్రం నీళ్ళు 26.5 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, ఆ ఆవిరే దానికి తిండి. పైన గాలి, కింద గాలి ఇంచుమించు ఒకే దిక్కుకి, ఒకే జోరుతో ఉంటే దొంతర నిలబడుతుంది. కింద గాలి ఒకవైపు, పైన గాలి ఇంకోవైపు లాగిందనుకోండి, దొంతర ఒరిగిపోతుంది. దాన్నే విండ్ షియర్ అంటారు. ఎల్ నీనో, అంటే పసిఫిక్ సముద్రం నడిమి భాగంలో నీళ్ళు మామూలుకంటే వేడెక్కడం, అది వచ్చిన ఏడాది కరీబియన్ మీద, అట్లాంటిక్ మీద ఈ షియర్ పెరుగుతుంది, అందుకే తుఫాన్లు తగ్గుతాయి. దానికితోడు సహారా ఎడారి నుంచి పొడిగాలి దుమ్ముతో సహా సముద్రం మీదకి వస్తుంటుంది, మరుగుతున్న ఎసట్లో చన్నీళ్ళు పోసినట్టు అది తుఫాను పొంగుని చల్లార్చేస్తుంది. జూన్, జూలైల్లో హ్యూస్టన్ ఆకాశం తెల్లగా మసకేసినట్టు ఉంటుంది చూడండి కొన్ని రోజులు, అది ఆ సహారా దుమ్మే, కారు అద్దం మీద వేలితో రాస్తే గీత పడుతుంది.

ఎల్ నీనో అనగానే మనవాళ్ళకి ఇంకోటి గుర్తురావాలి, అక్కడ మన రుతుపవనాల్ని కూడా చాలాసార్లు దెబ్బతీసేది ఇదే. 2009 అలాంటి ఏడాదే. ఇక్కడ అట్లాంటిక్‌లో 9 తుఫాన్లు, 3 హరికేన్లతో సరిపోయింది, అక్కడ ఇండియాలో కరువు. మాది కర్నూలు. ఆ ఏడాది ఆగస్టులో వానల్లేక మా నాన్న ఆకాశం వైపు చూస్తూ కూర్చునేవాడు. అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగి ఊళ్ళోకి వచ్చేశాయి, మంత్రాలయం మునిగింది, మా ఇంట్లో నీళ్ళు ఫ్యాను రెక్కల దాకా వచ్చినాయి. మా అవ్వని మంచంతో సహా మేడ మీదకి మోసినారు. కరువు ఏడాదిలోనే మునిగినాం మేము. ఆ నీటిచార గోడ మీద ఎన్ని సున్నాలు వేసినా మళ్ళీ బయటికి వచ్చేది, నేను అమెరికా వచ్చేటప్పుడు కూడా కనపడుతూనే ఉంది. అందుకే క్వైట్ అనే మాట నేను తేలిగ్గా తీసుకోలేను.

ఇంకో విషయం. ఆఫ్రికా దగ్గర పుట్టి సముద్రం దాటుకుంటూ వచ్చే తుఫాన్లకి వారం పది రోజులు టైమ్ ఉంటుంది, టీవీలో రోజూ చూపిస్తారు, మనం కాస్ట్‌కోకి నాలుగుసార్లు వెళ్ళొచ్చు. క్వైట్ ఏడాదిలో ముఖ్యంగా ఆగిపోయేవి ఇవే. ఆగనివి ఏంటంటే మన గడప దగ్గరే, గల్ఫ్‌లోనే, అంటే టెక్సస్‌కీ ఫ్లోరిడాకీ మధ్య ఉన్న సముద్రంలోనే పుట్టేవి. ఉత్తరం నుంచి దిగొచ్చిన పాత వాతావరణ ఫ్రంట్, అంటే చల్లగాలీ వేడిగాలీ కలిసే సరిహద్దు, ఒకటి గల్ఫ్ మీద ఆగిపోయి, కింద వేడి నీళ్ళు తగిలి అక్కడే సుడి మొదలవుతుంది. ఎలీషియా అలా పుట్టిందే, ఆగస్టు 15న మొదలై 18న హ్యూస్టన్ మీదుంది. 2007లో హంబర్టో అయితే టెక్సస్ ఒడ్డు పక్కనే పుట్టి ఒక రోజు లోపే హరికేన్ అయిపోయింది, జనం పడుకుని లేచేసరికి మారిపోయింది సంగతి. అంటే తుఫాన్లు తగ్గిన ఏడాదిలో కూడా మన చేతికి వచ్చే టైమ్ రెండు మూడు రోజులే కావచ్చు. రెండు మూడు రోజుల్లో ఏ పని అవుతుంది, ఏ పని కాదు అని లెక్కేస్కుని, కాని పనులన్నీ ముందే చేసెయ్యాలి, నేను చెప్పేదంతా ఇదే.

జూన్: ఇన్సూరెన్స్ కాగితాలు

అన్నిటికంటే ముందు ఇది, ఎందుకంటే దీనికే ఎక్కువ టైమ్ పడుతుంది. మన హోమ్ ఇన్సూరెన్స్‌లో వరద నీళ్ళకి కవరేజ్ ఉండదు. పైకప్పు లేచిపోయి వాన లోపల పడితే ఒక లెక్క, రోడ్డు మీద నీళ్ళు తలుపు కిందనుంచి లోపలికి వస్తే ఇంకో లెక్క, రెండోదానికి ఫ్లడ్ పాలసీ విడిగా ఉండాలి. ఫెడరల్ గవర్నమెంట్ ఫ్లడ్ పాలసీ ఇవాళ కొంటే మామూలుగా 30 రోజుల తర్వాతగానీ పనిచెయ్యదు. కొత్తగా ఇల్లు కొంటూ లోన్ క్లోజింగ్‌తో పాటు తీసుకుంటే ఆ వెయిటింగ్ ఉండదు. 30 రోజులు ఒకవైపు, ఎలీషియా మూడు రోజులు ఇంకోవైపు పెట్టి చూస్కోండి. ఇంటికి రెండున్నర లక్షల డాలర్లు, లోపలి సామాన్లకి లక్ష డాలర్ల దాకా అందులో కవర్ అవుతుంది, సామాన్ల కవరేజ్ విడిగా అడిగి తీసుకోవాలి, చాలామంది ఇల్లు ఒక్కటే తీసుకుని అదే వచ్చేస్తుందనుకుంటారు. అద్దెకి ఉండేవాళ్ళు కూడా సామాన్ల వరకు తీసుకోవచ్చు, ఇది చాలామందికి తెలీదు.

ఫ్లడ్ మ్యాప్‌లో మాది ఎక్స్ జోన్ అండీ, బ్యాంకు వాళ్ళు కూడా అడగలేదు అంటారు. ఎక్స్ జోన్ అంటే రిస్క్ తక్కువ అని మాత్రమే. 2017లో హార్వీకి హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్ళల్లో ఎన్నో మ్యాప్‌లో వరద ప్రాంతంగా గీసిన గీత బయట ఉన్నవే. జోన్ తక్కువైతే ఆ పాలసీ తీసుకోవడం ఇంకా నయం, ఎందుకంటే సాధారణంగా ప్రీమియం కూడా తక్కువ పడుతుంది.

పాలసీ బయటికి తీసినప్పుడు ఇంకో రెండు చూడండి. ఒకటి, డిడక్టిబుల్. మామూలుగా వెయ్యో రెండు వేలో ఉంటుందనుకుంటాం, హరికేన్‌కి మాత్రం శాతంలో ఉంటుంది, ఇంటి కవరేజ్ 4 లక్షల డాలర్లై 2 శాతం అంటే మొదటి 8 వేలు మన జేబులోంచే. ఆ డబ్బు ఎక్కడుందో ముందే అనుకుని ఉంచుకోవాలి. రెండు, గాలి. టెక్సస్ తీరం పక్క కౌంటీల్లో, మా బ్రజోరియా కౌంటీ లాంటివాటిల్లో, గాలి నష్టాన్ని హోమ్ పాలసీ నుంచి తీసేసి వేరే విండ్‌స్టార్మ్ పాలసీ తీసుకోమంటారు చాలాచోట్ల. మీ దాంట్లో ఉందో లేదో ఏజెంట్‌కి ఫోన్ చేసి అడగండి, ఈమెయిల్‌లో జవాబు రాయించుకోండి. తుఫాను గల్ఫ్‌లోకి వచ్చాక కొత్త పాలసీలు రాయడం ఆపేస్తారు. కారుకి కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ ఉంటేనే నీళ్ళల్లో మునిగినా డబ్బులొస్తాయి, పాత కారు కదా అని లయబిలిటీ, అంటే ఎదుటివాళ్ళ నష్టానికి ఇచ్చేది ఒక్కటే ఉంచితే ఏమీ రాదు.

ఈ పనులన్నీ అయ్యాక ఒక ఆదివారం ఫోన్ తీసుకుని ఇల్లంతా వీడియో తియ్యండి, గదిగదికీ, బీరువాలు తెరిచి, టీవీ వెనక మోడల్ నంబర్ కనపడేట్టు, పూజగదిలో వెండి కూడా. పది నిమిషాల పని.

జూలై: ఇల్లు, ఫ్రీజర్, పొయ్యి

చెట్టు కొమ్మలు ఇప్పుడే కొట్టించండి. తుఫాను వస్తుందనగా కొట్టిస్తే ఆ కొమ్మలన్నీ వీధి చివర కుప్పగా పడి ఉంటాయి, వాటిని తీసుకెళ్ళే లారీ రాకముందే గాలి వస్తుంది, అవే ఎగిరొచ్చి కిటికీలకి తగుల్తాయి. గ్యారేజ్ డోర్ చూస్కోండి, ఇంట్లో అన్నిటికంటే పెద్ద తలుపు, అన్నిటికంటే పల్చటిది కూడా అదే, అది లోపలికి వంగితే గాలి దూరి పైకప్పుని కిందనుంచి పైకి తన్నుతుంది. కిటికీలకి ప్లైవుడ్ కోయించుకుంటే ప్రతి ముక్క మీదా ఏ గది కిటికీయో మార్కర్‌తో రాసుకోండి. అద్దాలకి టేప్ ఇంటూ ఆకారంలో అంటించడం మాత్రం వద్దు, దానివల్ల అద్దం పగలకుండా ఆగదు. మీ ఇంటి ముందు వీధిలో వాననీళ్ళు దిగే జాలీ ఉంటే ఆకులు తీసెయ్యండి, అది సిటీ వాళ్ళ పని అనుకుంటే నీళ్ళు మన గడప దాకా వస్తాయి.

కరివేపాకు చెట్టు. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. మనవాళ్ళ ఇళ్ళల్లో పాటియో మీద పెద్ద కుండీల్లో కరివేపాకు, మల్లె, తులసి ఉంటాయి, గాలికి ఒక్కో కుండీ ఒక్కో బండరాయి. ఎన్ని కుండీలున్నాయి, ఎవరు మొయ్యగలరు, లోపల ఎక్కడ పెడతారు అని ముందే చూస్కోండి, మేమైతే పెద్ద కుండీల కింద చక్రాల పీటలు పెట్టించాం, పిల్లలు కూడా తోసుకొచ్చేస్తారు.

ఇంక ఫ్రీజర్. 2024 జూలై 8, సోమవారం తెల్లవారుజామున బెరిల్ మాటగోర్డా దగ్గర తీరం దాటింది. కేటగిరీ 1 మాత్రమే. ఆ ఒక్క కేటగిరీ మాట విని మా ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నేను కూడా ఆదివారం సాయంత్రం మామూలుగా ఇడ్లీపిండి రుబ్బి గిన్నెలో పెట్టి పడుకున్నా. హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంట్ పోయింది, మాకు ఐదో రోజు సాయంత్రం వచ్చింది. పొద్దున లేచేసరికి ఏసీ లేని ఆ ఉక్కకి పిండి గిన్నె మూత లేపుకుని పొంగి గట్టు మీంచి కిందకి కారి డ్రాయర్ల లోపలికి వెళ్ళింది, చీకట్లో టార్చ్ పెట్టుకుని తుడుస్తుంటే ఆ పులుపు వాసన ఇంకా గుర్తుంది. మధ్యాహ్నానికి మా అత్తయ్యగారు ఇండియా నుంచి తెచ్చిన గోంగూర, చింతచిగురు కవర్లు కరగడం మొదలైనాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటీ బయటికి తీసి, చూసి, ఏమీ అనకుండా మళ్ళీ లోపల పెట్టారు.

అప్పట్నుంచి మేం చేసేవి చెప్తా. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తియ్యకపోతే 48 గంటలు చల్లగా ఉంటుంది, సగమే ఉంటే 24, కింద ఫ్రిజ్ అయితే 4 గంటలు. అందుకని ఫ్రీజర్‌లో ఖాళీ ఉన్నచోటల్లా నీళ్ళ సీసాలు గడ్డకట్టించి నింపేస్తాం, ఖాళీగా ఉండనివ్వం, ఆ నీళ్ళు తర్వాత తాగడానికి కూడా పనికొస్తాయి. ఒక కప్పులో నీళ్ళు గడ్డకట్టించి దానిమీద ఒక క్వార్టర్ నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ఊరెళ్ళి వచ్చేసరికి నాణెం పైనే ఉంటే పర్లేదు, కప్పు అడుక్కి వెళ్ళిపోయి ఉంటే మధ్యలో మొత్తం కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, లోపలివి పారెయ్యాల్సిందే.

తిండికి కాన్లు, బార్లు అని ఏవేవో లిస్టులు ఇస్తారు, మన పెద్దవాళ్ళు రెండు రోజులు కూడా అవి తినలేరు. మా ఇంట్లో నేను ఉంచేది ఒక పెద్ద డబ్బా నిండా బొరుగులు, పప్పులపొడి, అటుకులు, ఊరగాయ, వేరుశనక్కాయలు. బొరుగుల్ని నీళ్ళల్లో ముంచి పిండి, తిరగమోతలో వేసి పప్పులపొడి చల్లితే ఉగ్గాని అయిపోతుంది, ఐదు నిమిషాలు మంటుంటే చాలు. కరెంట్ లేకపోయినా గ్యాస్ పొయ్యి చాలావరకు అగ్గిపుల్లతో వెలుగుతుంది, మీది వెలుగుతుందో లేదో ఇప్పుడే ఒకసారి చూస్కోండి, కొన్ని కొత్త మోడళ్ళు వెలగవు. క్యాంప్ స్టవ్, బొగ్గుల గ్రిల్ ఇంట్లో, గ్యారేజ్‌లో వెలిగించొద్దు. జనరేటర్ కూడా అంతే, ఇంటికి 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది, ప్రతి పెద్ద తుఫాను తర్వాతా ఇలా చనిపోయినవాళ్ళ వార్త వస్తుంది, చదివిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. బ్యాటరీ పెట్టిన డిటెక్టర్ తప్పకుండా కొనండి. జనరేటర్ ఉంటే నెలకి ఒకసారి పావుగంట ఆన్ చెయ్యాలి, క్వైట్ ఏడాదిలో ఎవరూ ముట్టుకోరు కాబట్టే అవసరమైన రోజు స్టార్ట్ అవ్వదు.

నీళ్ళు మనిషికి రోజుకో గాలన్. మా ఇంట్లో ఆరుగురం, ఐదు రోజులకి 30 గాలన్లు, అది ఎంత చోటు పడుతుందో ఒకసారి పేర్చి చూస్తేగానీ తెలీదు.

అమ్మానాన్నలు వచ్చి ఉంటే

వాళ్ళ మందులన్నీ ఇండియా నుంచే తెచ్చుకుంటారు కదా, ఆరు నెలలవి. తడిస్తే ఇక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరకవు. బిళ్ళల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట అని ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి ఉంచండి, ఇక్కడి డాక్టర్‌కి అర్థమయ్యేట్టు బ్రాండ్ పేరు కాదు, స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు రాయాలి. ఇన్సులిన్ ఉంటే ఐస్ ప్యాక్, చిన్న కూలర్ పక్కనే ఉండాలి, ఐస్‌కి నేరుగా తగిలి గడ్డకడితే మళ్ళీ పనికిరాదు. పాస్‌పోర్టులు, విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు జిప్‌లాక్‌లో పెట్టి ఒక బ్యాగులో.

వాళ్ళతో మాట్లాడటం కూడా ఒక పనే. అక్కడి టీవీల్లో గ్రాఫిక్స్ చూసి కర్నూల్లో ఉన్న మా పెదనాన్న అర్ధరాత్రి ఫోన్ చేస్తాడు, అమ్మా అమెరికా మునిగిపోతోందంట కదా అని. తుఫాను ఫ్లోరిడాలో ఉంటుంది, మేం వెయ్యి మైళ్ళ దూరంలో ఉంటాం. అందుకని సీజన్ మొదట్లోనే మ్యాప్ పంపి, పెదనాన్నా మేముండేది ఇక్కడ, ఏమన్నా ఉంటే నేనే చెప్తాను అని చెప్పి పెట్టా.

ఆగస్టు, సెప్టెంబర్: రోజుకి రెండు నిమిషాలు

మయామీలో ఉన్న నేషనల్ హరికేన్ సెంటర్ వాళ్ళ సైట్ ఒక్కటి చాలు. రోజుకి నాలుగుసార్లు ఔట్‌లుక్ ఇస్తారు, మా టెక్సస్ టైమ్‌లో పొద్దున 7, మధ్యాహ్నం 1, రాత్రి 7, అర్ధరాత్రి దాటాక 1. నేను పొద్దున కాఫీతో ఒకసారి చూస్తా. మ్యాప్ మీద పసుపు మచ్చ ఉంటే రాబోయే వారం రోజుల్లో అక్కడ తుఫాను పుట్టే అవకాశం 40 శాతం కంటే తక్కువ, నారింజ అయితే 40 నుంచి 60, ఎరుపు అంటే 60 పైన. ఏమీ లేకపోతే ఫోన్ పక్కన పెట్టేసి పని చూస్కోండి, ఖాళీ మ్యాప్ చూసి సంతోషపడటంలో తప్పేం లేదు. గల్ఫ్‌లో పసుపు మచ్చ కనపడితే మాత్రం నేను దాన్ని ఆఫ్రికా దగ్గర ఎర్ర మచ్చ కంటే ఎక్కువ పట్టించుకుంటా, కారణం పైన చెప్పాను కదా, ఇంటి పక్కది టైమ్ ఇవ్వదు. ఆ రోజే కార్లో పెట్రోల్ నింపేస్తా, బట్టలన్నీ ఉతికేస్తా, ఇడ్లీపిండి రుబ్బను.

పన్నెండు రోజుల తర్వాత హ్యూస్టన్ మీద హరికేన్ అని రంగురంగుల మోడల్ బొమ్మలు ఫార్వర్డ్ అవుతుంటాయి, అవి పొద్దున ఒకటి చెప్పి సాయంత్రం ఇంకోటి చెప్తాయి, నమ్మొద్దు, ఇంకొకరికి పంపొద్దు.

తుఫాను పుట్టాక కోన్ అని తెల్లటి గొట్టం లాంటిది గీస్తారు. చాలామంది దాన్ని తుఫాను సైజు అనుకుంటారు. అది తుఫాను నడిమి భాగం ఎటు పోవచ్చో చూపించేది, అదీ మూడింట రెండు వంతులసార్లే ఆ గీతల లోపల ఉంటుంది. వాన, గాలి, ఉప్పెన గీత బయట కూడా ఉంటాయి. కోన్ అంచున ఉన్నాం అంటే తప్పించుకున్నాం అని కాదు.

కేటగిరీ కూడా గాలి లెక్క మాత్రమే, వాన సంగతి అందులో ఉండదు. 2001 జూన్‌లో ఎలిసన్ హరికేన్ కూడా అవ్వలేదు, హ్యూస్టన్‌లో కొన్నిచోట్ల ఇంచుమించు 40 అంగుళాల వాన పడింది, 20 మందికి పైగా పోయారు, ఆ పేరుని మళ్ళీ వాడకుండా తీసేశారు. 2025లో అమెరికా మీద ఒక్క హరికేన్ కూడా తీరం దాటలేదు, 2015 తర్వాత అదే మొదటిసారి, కానీ జూలైలో షాంటాల్ అనే చిన్న తుఫాను నార్త్ కరోలినాలో చాపెల్ హిల్, డర్హమ్ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళు తెచ్చింది, సముద్రం అక్కడికి వంద మైళ్ళకి పైనే. ఆ పక్కనే కేరీ, మోరిస్‌విల్‌లో ఉండే మనవాళ్ళు హరికేన్ మాకెందుకు అనుకుంటారు కాబట్టి ఇది చెప్తున్నా. అదే ఏడాది అక్టోబర్ 28న మెలిస్సా గంటకి 185 మైళ్ళ గాలితో జమైకా మీద పడింది. మన దగ్గర క్వైట్ అంటే ఇంకెవరికో క్వైట్ కాదు అది.

వినాయక చవితి ఇంచుమించు ఈ రోజుల్లోనే వస్తుంది, సీజన్ అన్నిటికంటే ఎక్కువ ఉండేది సెప్టెంబర్ 10 ప్రాంతంలో. పందిళ్ళు, షామియానాలు వేసేవాళ్ళు అవి ఒక పూటలో విప్పగలిగేట్టు కట్టండి, హాలు బుక్ చేస్తే తుఫాను వస్తే డేట్ మార్చుకోవచ్చా అని ముందే అడగండి.

వెళ్ళాలా ఉండాలా అనేది కూడా ప్రశాంతంగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. హ్యూస్టన్‌లో జిప్‌కోడ్‌ని బట్టి ఎవాక్యుయేషన్ జోన్లు ఉన్నాయి, ఫ్లోరిడాలో ఎ, బి, సి అని అక్షరాలు. ఉప్పెన వచ్చే జోన్‌లో ఉంటే చెప్పినప్పుడు వెళ్ళిపోవాల్సిందే, వాదనే లేదు. ఆ జోన్ కాకపోతే, ఇల్లు గట్టిదైతే, రోడ్డెక్కకపోవడమే మంచిది. 2005లో రీటాకి భయపడి హ్యూస్టన్ నుంచి 20 లక్షలకి పైగా జనం ఒకేసారి బయల్దేరారు, ఎండలో గంటలు గంటలు హైవేల మీద ఇరుక్కుపోయారు, చనిపోయినవాళ్ళల్లో ఎక్కువమంది తుఫానుకి కాదు, ఆ ప్రయాణంలోనే పోయారు. వాన మొదలయ్యాక ఎవరూ కార్ తియ్యొద్దు, అడుగు లోతు పారే నీళ్ళు చిన్న కారుని తేల్చేస్తాయి, రెండడుగులైతే ఎస్‌యూవీని కూడా తోసుకుపోతాయి.

అక్టోబర్, నవంబర్

సెప్టెంబర్ అయిపోగానే అందరూ వదిలేస్తారు. అక్టోబర్‌లో ఆఫ్రికా వైపు తగ్గిపోయి కరీబియన్‌లో, గల్ఫ్‌లో పుడతాయి, ఫ్లోరిడా వాళ్ళకి ఇది జాగ్రత్తగా ఉండాల్సిన నెల. టెక్సస్‌కి మాత్రం ఉత్తరం నుంచి చల్లగాలులు దిగడం మొదలయ్యాక బెడద బాగా తగ్గుతుంది. బతుకమ్మ, దసరా అయ్యేదాకా నేను నీళ్ళ సీసాలు కదపను.

నవంబర్ ఆఖరి వారం థాంక్స్‌గివింగ్ సెలవుల్లో అన్నీ సర్దేస్తాం. జనరేటర్ ట్యాంకులో పెట్రోల్ ఉంచేస్తే కార్బ్యురేటర్ జిగురు పట్టేస్తుంది, అందుకని అది ఆగిపోయేదాకా నడిపిస్తాం, డబ్బాలో మిగిలింది ఏమీ కలపని పెట్రోలైతే కార్లో పోసేస్తాం. టార్చ్‌లైట్లలోంచి బ్యాటరీలు బయటికి. ఫ్లడ్ పాలసీ రెన్యువల్ ఏ తేదీన వస్తుందో ఇద్దరి ఫోన్లలో అలారం, ఎందుకంటే డిసెంబర్‌లో ఇండియా వెళ్తే ఆ కవర్ మెయిల్‌బాక్స్‌లోనే పడి ఉంటుంది. మందులు, కాన్ల మీద తేదీలు చూసి దగ్గరపడినవి పక్కన పెడతాం, బాగున్నవి ఫుడ్ బ్యాంక్‌కి ఇస్తాం. బొరుగుల డబ్బాలో మిగిలినదంతా ఆ రోజు ఉగ్గాని చేసేస్తా, పక్కన మిరపకాయ బజ్జీలతో. డబ్బా కడిగి, ఎండలో బోర్లించి, మూత మీద పాత టేప్ పీకేసి కొత్త టేప్ అంటించి జూన్ 1 అని రాసి మళ్ళీ అదే అరలో పెడతా.